ఖాలా మెడ మీది గడ్డ

నా చిన్నప్పుడు వనపర్తిలో మా పక్కింట్లో ఒకామె ఉండేది, ఖాలా అని, అంటే పిన్ని అని పిలిచేవాళ్లం. భర్త పోయాక మా వీధి ఆడవాళ్ల రవికలు, పిల్లల గౌన్లు కుట్టి బతికేది. నాకు సూది పట్టడం నేర్పింది ఆమే. ఆమె మెడకు ఎడమపక్క రాయిలా గట్టిపడిన గడ్డ ఒకటి ఉండేది. ఎంత ఎండలోనైనా దాని మీదికి కొంగు లాక్కునేది.

ఒకరోజు బడికి నా స్నేహితురాలు ఖాలా కుట్టిన కొత్త గౌను వేసుకొచ్చింది. అందరూ దాని చుట్టూ మూగారు, నా వైపు ఎవరూ చూడలేదు. ఓర్వలేక నోటికొచ్చింది అనేశాను. ఆ గడ్డ అంటురోగమని, ఆమె కుట్టిన బట్ట తొడిగితే మనకూ లేస్తుందని. పక్కింటిదాన్ని కదా, నమ్మారు. వారం తిరగకముందే ఆమె గుమ్మం తొక్కేవాళ్లు లేకపోయారు. కొందరు ఇచ్చిన గుడ్డలు కూడా కుట్టకుండానే వెనక్కి తీసుకుపోయారు.

మా అమ్మ ఆ మాటలు పట్టించుకోలేదు. రవిక గుడ్డ ఇచ్చి నన్నే పంపింది. ఖాలా మిషను ముందు ఊరికే కూర్చుని ఉంది. మాట ఎవరి నోట పుట్టిందో ఆమెకు తెలుసని ఆ చూపులోనే అర్థమైంది. తిట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, కొంగు తీసి, నా చెయ్యి గడ్డ మీద పెట్టింది.

పెళ్లైన కొత్తలో బొంబాయిలో ఉన్నప్పుడు ఆమెకు తలనొప్పి, మూర్ఛలు వచ్చేవట. అక్కడ ఏదో దవాఖానలో, తలలోని రక్తనాళాలు ఎక్స్‌రేలో కనబడాలని మెడలోకి సూదితో మందు ఎక్కించారట. కొంత అక్కడే కారి నిలిచిపోయింది. కొన్నేళ్లకు ఆ చోటే గట్టిపడుతూ వచ్చింది.

"ఏం గాదని చెప్పిండ్రు బేటీ. గదేం మందో నాకు తెల్వదు. నీకు గూడ తెల్వదు గద. తెల్వనిది తెల్వదనాలె," అంది.

"మా అమ్మకు చెప్తవా ఖాలా?" అన్నాను. అప్పుడు కూడా నా భయం నా గురించే.

"చెప్ప. నువ్వు ఎవరికి చెప్పినవో, వాళ్లకు నువ్వే పోయి అబద్ధమని చెప్పు."

సరేనన్నాను. చెప్పలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ గడిపాను. నెల తర్వాత ఆమె మిషను బండికెక్కించుకుని గద్వాలలో తమ్ముడింటికి వెళ్లిపోయింది. నేను తలుపు చాటున నిలబడి చూశాను.

మా పెద్దమ్మాయి కాలేజీలో చేరిన ఏడు, గద్వాలకు పనిమీద వెళ్లి వాళ్ల ఇల్లు వెతికాను. ఖాలా కాలేయంలో క్యాన్సర్‌తో పోయిందని ఆమె తమ్ముడు చెప్పాడు. వెనకట ఎక్స్‌రే కోసం ఎక్కించిన ఆ మందులో రేడియం లాంటి పదార్థం ఉండేదట. అది ఒంట్లోంచి పోదట. కాలేయంలో చేరి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా దాన్ని పాడుచేస్తూనే ఉంటుందట. ఆ సంగతి తెలిశాక డాక్టర్లు దాన్ని వాడటం మానేశారట.

"అక్క నిన్ను మస్తు యాద్ చేస్తుండె. కుట్టుల నీ చెయ్యి మంచిగ నడుస్తదని చెప్తుండె," అన్నాడు. నేను చేసిన పని ఖాలా తన తమ్ముడికి కూడా చెప్పలేదు. నేనూ చెప్పలేక, ఇచ్చిన చాయ్ తాగి వచ్చేశాను.

ఇవాళ ఎవరి జబ్బు గురించి ఎవరు అడిగినా తెలియదంటాను. అంతవరకు నేర్చుకున్నాను. ఆ వీధిలో చెప్పాల్సిన మాట మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది. వినాల్సినవాళ్లు అక్కడ ఒక్కరూ మిగల్లేదు.