అల్లుడుగారు నీళ్లు రప్పించిన మోటరు

ఆ రోజుల్లో, అంటే నాకు పెళ్లయిన కొత్తలో, భార్య భర్తకు చేదోడు వాదోడుగా ఉండి, అతను దారి తప్పితే మెల్లగా సరిదిద్దాలని పెద్దలు చెబితే బుద్ధిగా తలూపాను. నేను దారి తప్పేది ఎలాగూ లేదు కాబట్టి మా ఆవిడకు పెద్దగా శ్రమ ఉండదనుకున్నాను. నేను ఇంజనీరుని మరి! పీలమేడులో ఒక పంపుల కంపెనీలో కంప్యూటరు మీద పంపుల బొమ్మలు గీసేవాణ్ణి. (నిజం పంపును ఒక్కసారీ చేత్తో తాకలేదు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.)

మామగారికి అవినాశిలో మోటార్లు బాగుచేసే షాపుంది. ఆయన మోకాళ్లు మొరాయించాక దాన్ని నడిపింది మా ఆవిడే. బడి రోజుల నుంచీ కాయిల్ చుట్టిన చేతులు. ఇంజనీరింగ్ చదువుతానంటే, "ఆడబిడ్డకు మోటరు చదువు ఏంటికి?" అన్నారట. మగపిల్లలు లేరు. షాపు తనకిస్తారని ఆవిడ ఆశ. ఆయన మాత్రం కూతుర్ని తప్పించి లోకమంతా వెతుకుతున్నారు.

కొత్త దంపతులుగా విందుకు వెళ్లిన రోజే, వాళ్ల తోటలో రిపేరైన మోటరును బోరులోకి దింపారు. అరటి తోట ఎండిపోతోంది. త్రీఫేజ్ కరెంటు మధ్యాహ్నం దాకానే. "మాప్పిళ్ళె ఉండంగ ఇంకొగరు ఎందుకు? మీరే కనెక్షన్ ఇయ్యండి" అన్నారు మామగారు. మాప్పిళ్ళె అంటే, మా వైపు అరవం కలిసిన తెలుగులో అల్లుడు. చుట్టాలంతా చుట్టూ చేరారు. నేను చొక్కా చేతులు మడిచి, ఎరుపు, పసుపు, నీలం వైర్లు వరసగా బిగించి స్టార్టరు నొక్కాను. గొట్టంలోంచి చంటిబిడ్డ పోసినట్టు సన్నగా నీళ్లు కారాయి.

"లోపల నీళ్లు పైకి తోసే ఇంపెల్లర్ పోయింది. పంపంతా పైకి లాగాలి" అని తీర్పు చెప్పాను. ఎనిమిది వందల అడుగుల గొట్టం! లారీ రావాలి, మనుషులు రావాలి, రెండు రోజులు పోతాయి. ఇంజనీరు మాట కదా, మామగారు వెంటనే ఫోను తీశారు.

కొత్త పెళ్లికూతురు పుట్టింటివాళ్ల ముందు మొగుడి మాట కాదనడం మావాళ్లలో మోటరు కాలిపోవడం కన్నా పెద్ద తప్పు. మా ఆవిడ నాకేసి చూసి, మొగుణ్ణి ఏమండీ అని పిలిచే మా యాసలో, "ఏనుంగ, బస్సులో చెప్తిరే? మోటరు వెనక్కి తిరిగితే నీళ్లు సరిగా రావు, మొదట రెండు వైర్లు మార్చి చూడాలని. మరిచిపోతిరా?" అంది.

బస్సులో నేను అవినాశి దాకా గుర్రుపెట్టి నిద్రపోయాను.

"మరిచిపోలేదు. మీలో ఎవరికైనా తోస్తుందేమోనని చూశాను" అన్నాను.

"ఉండండి, కొత్త చొక్కాకు గ్రీసు అవుతుంది" అంటూ మెయిన్ ఆపి, తనే రెండు వైర్లు అటూ ఇటూ మార్చింది. అర నిమిషం పని. ఈసారి గొట్టం నిండుగా నీళ్లు ఎగిసిపడ్డాయి.

"చూస్తిరా, చదివిన తల అంటే ఇదీ! ఇంక షాపు మాప్పిళ్ళెకే. నా కొరత తీరిపోయ" అని మామగారు నన్ను కౌగిలించుకున్నారు. ఆయన భుజం మీదుగా చూస్తే, మా ఆవిడ నల్లబడిన చేతుల్ని పైటకు తుడుచుకుంటోంది. ముఖం వాడిపోయింది. నేను ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ చుట్టాలు చప్పట్లు కొడుతున్నారు. ఇంతమంది సంతోషాన్ని చెడగొట్టడం మర్యాద కాదనిపించింది.

ఇప్పుడు షాపు బోర్డు మీద నా పేరుంది, డిగ్రీతో సహా. ఎవరైనా వచ్చి మోటరు జబ్బు చెబితే, "పుస్తకం చూసొస్తాను" అని లోపలికి వెళతాను. ఆవిడ కాయిల్ మీంచి తలెత్తకుండానే మందు చెబుతుంది. నేను బయటికొచ్చి గంభీరంగా అదే అప్పజెబుతాను.

ఒకసారి సిగ్గు విడిచి అడిగాను, ఆ రోజు మీ నాయన మీద కోపం రాలేదా అని.

"నాయన మీద ఎందుకు? ఆయనకు తెలియదు. మీకు తెలుసు గదా" అంది.

పాతికేళ్ల వయసులో ఉన్న ఆ ఇంజనీరును తలుచుకుంటే నవ్వొస్తుంది. పాపం, ఎంత మర్యాదస్థుడు! మామగారి మాటకు ఎదురు చెప్పలేదు. మామగారు ఇప్పటికీ రోజూ వచ్చి షాపు ముందు కుర్చీలో కూర్చుంటారు. చెవులు బాగానే వినిపిస్తాయి. నేను ఇంకా ఎదురు చెప్పలేదు.