ఎడమచేతి అలుకు

మాఘమాసంలో చింతపండు కొడుతుంటే కబురు వచ్చింది, మా వదిన పోయిందని. ఆమె మా అన్న భార్య. భోపాల్‌పట్నంలో వాళ్లింటికీ మా ఇంటికీ నడుమ ఒక దడి మాత్రమే అడ్డం. తమ్ముణ్ని చూసివస్తానని పడవెక్కి గోదావరి అవతలికి పోయిన మనిషి, మూడు రోజుల జ్వరంతో అక్కడే కన్నుమూసింది. నేను పెద్దగా చదివినవాణ్ని కాను. అయినా ఆమె గురించి నాలుగు మాటలు రాయకుండా ఉండలేను. నా ఇంట్లో ఇవాళ ఇంత సంతోషం ఉందంటే అది ఆమె చలవే.

ఫాల్గుణం సగం గడిచిందంటే వదిన కొంగు బిగించి మా వాకిట్లో నిలబడేది. ఉగాదికీ, రాలబోయే ఇప్పపువ్వుకీ ఇల్లు సిద్ధం కావాలి. మంచాలు, గంపలు, చాటలు, చివరికి దేవుడి పీట కూడా ఎండలోకి రావలసిందే. వెదురుకు చీపురు కట్టి వాసాల మీది మసి దులిపితే ఆమె నెరిసిన జుట్టు నల్లబడేది. "చూడు మరిదీ, మళ్ల పడుచుదాన్నైన," అని నవ్వేది. మంచం కోళ్లలో మరిగే నీళ్లు పోస్తూ నల్లులతో మాట్లాడేది. "ఏడాదంత మా మరిది నెత్తురు తాగిన్రు గదా, ఇగ నీళ్లు తాగుండ్రి."

తర్వాత వాగు నుంచి తెచ్చిన తెల్లమట్టి నానబెట్టి, పాత గుడ్డతో గోడలు అలికేది. ఎడమచేతి వాటం ఆమెది. అందరి చారలూ కుడివైపు వంగితే ఆమె చారలు ఎడమవైపు, కొడవలిలా వంగేవి. "ఎడమచేత్తో అలికితే లచ్చిమి వస్తదా?" అని పొరుగువాళ్లు ఎత్తిపొడిస్తే, "లచ్చిమి తలుపు నుంచి వస్తది గాని గోడ నుంచి వస్తదా?" అనేది.

నా భార్య పోయిన ఏడు మాత్రం వదినను నేను గడప దాటనివ్వలేదు. పొయ్యి వెనక గోడ మీద నా భార్య అలికిన చారలు ఉన్నాయి. అవి పోతే ఆమె ఇంకోసారి పోయినట్టే అనిపించింది. మా బిడ్డకు అప్పుడు ఐదేళ్లు.

వదిన కోప్పడలేదు. మట్టికుండ దించి గడప మీద కూర్చుంది.

"ఏందయ్యా, గోడకేసి చూసుకుంట కూసుంటవా? దీని కింద మీ అమ్మ చెయ్యుంది. ఆమె కింద మీ నాయనమ్మ చెయ్యుంది. పైన అలుకు వడకుంటే పెచ్చులు లేచి ఊడిపోతది. కప్పితేనే ఉంటది."

ఆమె నా బిడ్డను చంకనెత్తుకుని, దాని చేతికి గుడ్డ ఇచ్చి, పైన తన చెయ్యి పెట్టి మొదటి చార గీయించింది. నేను వాకిట్లోకి పోయి ఏడ్చాను. ఏడ్చాక నీళ్లు మోశాను.

ఈ ఏడు అదే తప్పు మళ్లీ చేశాను. వదిన పోయిన పదకొండో రోజున శుద్ధి కోసం నేల అలకనిచ్చాను గాని గోడ ముట్టనివ్వలేదు. నిరుడు వదిన అలికిన గోడ అది. మైల ఏడు, పండుగ ఎలాగూ లేదు కదా అన్నాను. అత్తవారింటి నుంచి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చిన నా బిడ్డ ఒప్పుకోలేదు.

"పండుగ లేకుంటే ఇప్పపువ్వు రాలదా బాపూ? గోడ చూడు, పెచ్చులు లేస్తున్నయి. పెద్దమ్మ ఉంటే నిన్నేమనేది?"

ఏమనేదో నాకు తెలుసు. చీపురు పట్టుకుని ఇప్పచెట్ల కింద ఊడ్వడానికి పోయాను.

మధ్యాహ్నానికి వచ్చేసరికి సామానంతా ఎండలో ఉంది. లోపల పొయ్యి వెనక గోడ ఇంకా తడిగా ఉంది. చారలు ఎడమవైపు వంగి ఉన్నాయి. ఒక్క క్షణం వదినే వచ్చిందనుకున్నాను. కుడిచేత్తో తినే నా బిడ్డ, కుడిచేత్తో దంచే నా బిడ్డ, గోడ మాత్రం ఎడమచేత్తో అలుకుతోంది. చిన్నప్పుడు వదిన పక్కన నిలబడి అలికినప్పుడు ఏ చార ఎవరిదో నేనెన్నడూ చూడలేదు. పెళ్లయ్యాక అది గోడ అలకడమే చూడలేదు. అడిగితే తన చేతిని తనే వింతగా చూసుకుని, "అలుకుడంటే గిట్లనే గదా బాపూ," అంది.

చదివేవాళ్లారా, ఈ వయసులో ఇంత ఆనందం పడతానని నేను అనుకోలేదు. నేను నవ్విన నవ్వుకు దడి మీదుగా పొరుగువాళ్లు తొంగిచూశారు. మైల ఇంట్లో ఈ నవ్వేమిటని వాళ్లు అనుకునే ఉంటారు. అనుకోనీ.

గోడ పైనుంచి ఆరుతూ మెల్లగా తెల్లబడుతోంది. కింద, నా మోకాలెత్తున, నా మనవరాలు అలికిన చిట్టి చారలు మాత్రం ఇంకా తడిగా ఉన్నాయి. అవి కూడా ఎడమవైపే వంగి ఉన్నాయి.