షార్ట్‌హ్యాండ్‌లో సోది

మొన్న ఛఠ్ పూజకి నాలుగు రోజుల ముందు కూరలకని బయల్దేరితే, నోయిడాలో మా సెక్టారు మార్కెట్ ఫుట్‌పాత్ నిండా వెదురు చేటలే. బిహారు వాళ్ళు ఆ చేటల్లో పళ్ళూ పిండివంటలూ పెట్టి సూర్యుడికి అర్ఘ్యం ఇస్తారు కనక, ఆ వారమంతా చేటల గుట్టల్ని దాటుకుంటూ నడవాల్సిందే. మా అమ్మాయి ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, డ్రాయింగ్ రూమ్ గోడకి తగిలిస్తే బాగుంటుందంది. చేటని గోడకి తగిలించడమేమిటే నీ మొహం, అందామని నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను. జనక్‌పురిలో మా పైవాటాలో ఉండే ఆంటీ గుర్తొచ్చింది. చేటని ఇంటి గడప దాటనివ్వని మనిషిని నా జన్మలో ఆవిడనొక్కదాన్నే చూశాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా వారికి ఢిల్లీ బదిలీ అయి జనక్‌పురిలో అద్దెకి దిగాం. మూడు వాటాల ఇల్లు. కింద పంజాబీ ఆంటీ, మధ్యలో మేము, పైన తెలుగు వాళ్ళే, తల్లీ కూతుళ్ళు. తల్లి రిటైరైన నర్సు, డెబ్బై దాటాయి. కూతురు ఏదో మంత్రిత్వ శాఖలో స్టెనోగ్రాఫరు. నాకంటే పదేళ్ళు పెద్దది కనక అక్కయ్య అనేదాన్ని. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని నేను అడగలేదు, అంటే అడిగాను గానీ ఆవిడ చెప్పలేదు. నెల్లూరు వైపు వాళ్ళమన్నారు, ఏ ఊరంటే మాత్రం ఆంటీ "ఆ పక్కే" అని మాట తప్పించేది. దిగిన వారంలోనే ఊరి నుంచి తెచ్చుకున్న బియ్యంలో పురుగు కనబడితే చెరుక్కుందామని పైకెళ్ళి, చేట ఉందా ఆంటీ అన్నాను. అడిగింది చేట, ఆవిడ మొహం చూస్తే కిడ్నీ అడిగినట్టుంది. మా ఇంట్లో అవి ఉండవమ్మాయీ అని తలుపు వేసేసింది. తర్వాత గమనించాను, వాళ్ళు బియ్యం ఏరేది స్టీలు పళ్ళెంలో. చేటే కాదు, వెదురు బుట్ట గానీ తట్ట గానీ ఆ ఇంట్లో లేవు. జూన్ నెల ఎండల్లో కరెంటు పోతే పాత క్యాలెండరు అట్టతో విసురుకునేవారు.

అసలు సంగతి అక్కయ్యే చెప్పింది, ఓ ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో టీ తాగుతూ. వాళ్ళ అమ్మమ్మ సోది చెప్పేదిట. చంకన బుట్ట, చేతిలో చిన్న బెత్తం పట్టుకుని ఊరూరూ తిరిగేది. ఆడవాళ్ళు చేటలో బియ్యం పోసి ఎదురుగా కూర్చుంటే, వాళ్ళ చెయ్యి పట్టుకుని, అరచేతికి బెత్తం ఆనించి, ముందు ఊరూరి అమ్మవార్లందర్నీ పిలిచి, ఆ తర్వాత జరిగిందీ జరగబోయేదీ రాగం తీసి చెప్పేది. బుట్టలూ చేటలూ అల్లేది కూడా ఆ ఇంటి వాళ్ళే. మధ్యాహ్నం కన్నీళ్ళు పెట్టుకుని చెప్పించుకున్న వాళ్ళే సాయంత్రానికి మంత్రగత్తె అనేవాళ్ళు. ఊళ్ళో ఎవరింట్లో ఏది పోయినా పోలీసులు ముందు వీళ్ళ గుడిసెలే వెతికేవారు. బళ్ళో ఆంటీ పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు, మంత్రగత్తె పిల్ల తాకితే జ్వరం వస్తుందని. ఆ పిల్ల పంతం పట్టి చదివి, నర్సు ట్రైనింగై, జ్వరం వచ్చిన వాళ్ళని తాకడమే ఉద్యోగంగా పెట్టుకుని, పోగలిగినంత దూరం పోదామని ఢిల్లీ వచ్చి పడింది. అమ్మమ్మ పోయినప్పుడు ఆ బుట్ట ఆంటీ అక్కగారి చేతికొచ్చింది. దాన్ని ఏట్లో పారెయ్యమని ఆంటీ, చస్తే పారెయ్యనని అక్కగారు. ఆ రోజు నుంచి అక్కచెల్లెళ్ళకి మాటల్లేవు. అప్పటికి నలభై ఏళ్ళు. పైవాటాలో సోది అన్న మాట పలకడానికి వీల్లేదు.

వద్దన్న దాని మీదే కదా మనసు పోయేది. అమ్మమ్మ ఆఖరి రోజుల్లో అక్కయ్యకి ఆరేళ్ళు. ఆవిడ మంచం పక్కన కూర్చుని విన్న రాగం చెవిలో అలాగే ఉండిపోయిందిట, మాటలు మాత్రం లేవు. నలభై అయిదేళ్ళొచ్చాక, ఎల్‌టీసీ మీద తిరుపతి వెళ్తున్నానని తల్లికి చెప్పి, నెల్లూరు దిగి, అడుగుతూ అడుగుతూ పెద్దమ్మని వెతికి పట్టుకుంది. ఆవిడకి ఎనభై, చూపు ఆనదు. సోదంతా నోట్లోనే ఉంది గానీ నేర్చుకునే వాళ్ళు లేరు. కొడుకు ఆటో నడుపుతాడు, కోడలికి సిగ్గు. రెండు రోజుల్లో అయ్యే పని కాదు కనక ఇద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. అందులో నాకూ ఒక వేషం ఉంది. మా ఇంట్లో ఎస్‌టీడీ ఉన్న ఫోనుంది. ఆంటీ ఆదివారం మధ్యాహ్నం ఉచిత వైద్యశాలలో సేవకి వెళ్తుంది. "ఇరవై ఏళ్ళుగా ఎవరెవరి మాటలో రాస్తున్నాను, మా ఇంటి మాట ఒక్కటీ నా దగ్గర లేదు," అంది అక్కయ్య. అలా అడిగితే కాదనడానికి నాకేం హక్కుంది. మా వారికి చెబితే, ఇంట్లో నువ్వు చెప్పే సోది చాలదా అన్నారు. ఆయన జోకులు అంతకంటే పైకి పోవు.

ఆదివారం మూడింటికి పెద్దమ్మ కొడుకు ఆవిడని ఊళ్ళో ఎస్‌టీడీ బూత్‌లో కుర్చీ వేసి కూర్చోబెట్టి మిస్డ్ కాల్ ఇచ్చేవాడు. మేము తిరిగి చేసి స్పీకరు నొక్కేవాళ్ళం. గొంతు సవరించుకుని, "ఏందే, రాస్తా ఉండావా?" అని ఆవిడ మొదలుపెడితే, మా డైనింగ్ టేబుల్ దగ్గర అక్కయ్య ఆఫీసు నోట్‌బుక్ తెరిచి షార్ట్‌హ్యాండ్‌లో గీకేది. ఇంగ్లీషుకే కదా షార్ట్‌హ్యాండ్ అంటే, అది చెవికి వినబడ్డదాన్ని రాసేది, ఏ భాషైనా ఒకటే అంది. పైగా అందులో ఇంకో సుళువుంది. తెలుగులో రాస్తే ఆంటీ చదివేస్తుంది. ఈ కొంకర గీతలు ఆవిడకి అర్థం కావు, ఆఫీసు పని అనుకుంటుంది. అలా కన్నతల్లి కళ్ళెదురుగా టీపాయ్ మీదే నిషిద్ధ విద్య రెండు నోట్‌బుక్కుల నిండా పేరుకుంది. తెలుగులోకి ఎప్పుడు ఎత్తి రాస్తావని నేనడిగితే, అంతా పూర్తయ్యాక ఒకేసారి అనేది.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఓ రోజు ఫోన్ పెట్టేశాక నా చెయ్యి పట్టుకుని, బెత్తం బదులు పెన్సిలు ఆనించి, గొంతు తగ్గించి రాగం అందుకుంది. చెయ్యి చల్లని తల్లివే, కడుపు మంట తల్లివే, నవ్వేది నలుగురికీ ఏడ్చేది గోడకీ, మిగిలితే తింటావు, మిగలకపోతే తిన్నానంటావు. ఆ మాట గుమాస్తా పెళ్ళాల్లో ఎవరికి చెప్పినా సరిపోతుంది, ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ కళ్ళమ్మట బొటబొటా నీళ్ళు కారాయి. నెల తిరక్కుండా దక్షిణాది నుంచి మనుషులొస్తారని కూడా చెప్పింది. పదో రోజుకి మా ఆడపడుచు ఇద్దరు పిల్లల్తో దిగబడింది. మే నెలలో ఢిల్లీలో ఉన్న ప్రతి తెలుగింటికీ ఆగ్రా చూడ్డానికి చుట్టాలొస్తారు, దానికి సోది అక్కర్లేదు. కానీ నాకు ఒళ్ళు ఝల్లుమంది.

నా నోట్లో నువ్వుగింజ నానదు. ఇది మా అమ్మ నుంచి మా వారి దాకా అందరూ ఒప్పుకున్న విషయం. కింది పంజాబీ ఆంటీ కూతురికి సంబంధాలు కుదరక బెంగ పెట్టుకుని ఉంటే, ఓదార్చే మిషతో, పై దీదీ చేతిలో మహత్తుందని, చేటలో బియ్యం పోసి ఎదురుగా కూర్చోవాలని చెప్పేశాను. ఎవరికీ చెప్పొద్దని కూడా అన్నాను, అదేదో పెద్ద తెలివైనట్టు. ఆవిడ ఎవరికీ చెప్పలేదు పాపం, తిన్నగా పైకెళ్ళి, తలుపు తీసిన ఆంటీనే అడిగింది, "మాతాజీ, దీదీ హాథ్ దేఖ్‌తీ హై నా?" అని, చెయ్యి చూసి చెబుతుంది కదా అని. వెనకాల చేటెడు బియ్యంతో కూతురు.

ఆ సాయంత్రం పైనుంచి అరుపులేమీ వినబడలేదు. అరిచినా బాగుండేది. మర్నాడు మెట్ల మీద అక్కయ్య నా వైపు చూడకుండానే చెప్పింది, మీ ఇంట్లో అడుగు పెడితే అమ్మ వృద్ధాశ్రమంలో చేరతానంటోందని. ఆంటీ నాతో మాట్లాడ్డం మానేసింది. ఏ పేరు మొయ్యకూడదని రెండువేల కిలోమీటర్లు వచ్చిందో, ఆ పేరుని నేను ఆవిడ గుమ్మం దాకా మోసుకొచ్చాను. ఆదివారం మూడింటికి మా ఫోన్ మోగేది. తిరిగి చేసి, అక్కయ్య రాలేదు పెద్దమ్మా, ఆఫీసులో పని అనేదాన్ని. "సరేలేమ్మా, వొచ్చే వారం," అనేది ఆవిడ. ఆరు ఆదివారాలు అలా అబద్ధం చెప్పాను. ఏడో ఆదివారం ఫోన్ మోగలేదు. తర్వాత ఓ బుధవారం పొద్దున్న మోగింది. పెద్దమ్మ కొడుకు. ఆవిడ పోయిందన్నాడు. వాళ్ళ దగ్గరున్నది మా నంబరొక్కటే.

పైకి పదహారు మెట్లు. అక్కయ్య అప్పటికే ఆఫీసుకి చార్టర్డ్ బస్సెక్కి వెళ్ళిపోయింది. ఆంటీ పళ్ళెంలో బియ్యం ఏరుకుంటోంది. మీ అక్కగారు పోయారట ఆంటీ అన్నాను. తలెత్తలేదు. రాళ్ళు ఏరుతూనే, ఎప్పుడు అంది. తెల్లవారుజామున అన్నాను. బాధపడిందా అంది. నర్సులు అలాగే అడుగుతారు కాబోలు. నిద్రలోనే పోయారని చెప్పాను. అదీ అబద్ధమే, నాకు తెలియదు. సరే వెళ్ళు, అంది. కిందికొచ్చి నేనే చాలాసేపు ఏడ్చాను. పెద్దమ్మ ముఖం కూడా నేనెప్పుడూ చూడలేదు, గొంతే.

పదిహేను రోజుల తర్వాత అక్కయ్య తనే వచ్చి నన్ను పైకి పిలిచింది. ఇంక దాచేదేముందని నోట్‌బుక్కులు రెండూ బాహాటంగా టేబుల్ మీద పెట్టుకుని ఎత్తి రాస్తోంది. ఆంటీ వంటింట్లో ఉంది, మాకు వీపే కనబడుతోంది. అక్కయ్య ముఖం పాలిపోయి ఉంది. షార్ట్‌హ్యాండ్ వేడి మీద ఎత్తి రాసుకోవాలి, చల్లారితే రాసిన వాళ్ళకే అంతుపట్టదు. ఆ మాట కొత్తగా చేరిన స్టెనోలకి తనే చెబుతుంది. మామూలు మాటలైతే ముందూ వెనకా చూసి పోల్చుకోవచ్చు, అమ్మవార్ల పేర్లు అందరికీ తెలిసినవే. కానీ అమ్మవార్లయ్యాక, బుట్ట ఏ తల్లి చేతి నుంచి ఏ కూతురి చేతికొచ్చిందో వరసగా వాళ్ళ పేర్లు పిలవాలిట. అది లేకుండా ఎరుక పలకదట. ఆ పేర్ల దగ్గర గీతలున్నాయి, మనుషులు లేరు. ఆ ఆరు ఆదివారాల్లో ఎప్పుడు అడిగినా పెద్దమ్మ మళ్ళీ చెప్పేది. ఆ ఆదివారాలు పోయింది నా నోటివల్లే. అక్కయ్య ఆ మాట అనలేదు. అని ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

కూడబలుక్కుంటూ రాగంగా చదివి చూద్దామంది, నోటికి తగిలితే గుర్తొస్తుందేమోనని. అమ్మవార్ల దాకా బాగానే సాగింది. పేర్ల దగ్గర ఆగిపోయింది. మళ్ళీ మొదట్నుంచి. మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారి ఆగినప్పుడు వంటింట్లోంచి ఒక పేరు వినబడింది. ఆంటీ ఇటు తిరగలేదు. పప్పు గరిటె చేతిలోనే ఉంది. ఇంకో పేరు. ఆ వెనక ఇంకోటి. డెబ్బై ఏళ్ళ గొంతు, ఎక్కడా తడబాటు లేదు, ఏ పేరు దగ్గర రాగం విరగాలో అక్కడే విరిగింది. ఢిల్లీ వచ్చాక ఒక్క మాట కూడా నెల్లూరు యాసలో మాట్లాడని మనిషి అచ్చం ఫోన్‌లో పెద్దమ్మలాగే పలికింది. ఏడుగురు ఆడవాళ్ళు. ఏడో పేరు వాళ్ళమ్మది. అక్కడితో వరస అయిపోవాలి, బతికున్న వాళ్ళని అందులో పిలవరు. ఆంటీ గరిటె పక్కన పెట్టింది. స్టవ్ ఆర్పింది. తర్వాత ఎనిమిదో పేరు పలికింది, వాళ్ళక్కది. నలభై ఏళ్ళలో ఆ పేరు ఆవిడ నోట రావడం అదే మొదటిసారి అని అక్కయ్య తర్వాత చెప్పింది.

అక్కయ్య చేతిలో పెన్సిలు అలవాటు కొద్దీ గబగబా నడుస్తోంది. ఆంటీ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, వంగి నోట్‌బుక్ చూసింది.

"ఆ గీతలేందే? తెలుగులో రాయి," అంది. "నేను కూడా చదువుకోవాల."

అన్నిటినీ కాలమే మరిపిస్తుందని పెద్దవాళ్ళు అంటారు. అది కొందరికి మరిచిపోయామని చెప్పడం మాత్రమే నేర్పుతుందని, నాకు ఆ మధ్యాహ్నం తెలిసింది.