రోజూ పొయ్యెక్కాల్సిన గిన్నె

మా పెద్దమ్మ ఎవరింటికి వెళ్లినా ముందు వంటింట్లోకి వెళ్లి గిన్నెల క్షేమసమాచారం కనుక్కుంటుంది. మనుషుల వంతు ఆ తర్వాతే వస్తుంది. అదీ గిన్నెలు బాగుంటేనే.

ఒకసారి మా పిన్ని కాలు విరిగి మంచాన పడితే చూడటానికి వెళ్లాం. పెద్దమ్మ చేతిలో పళ్ల సంచీతో సరాసరి వంటగదిలోకి దూరింది. పడగ్గదిలోంచి పిన్ని కేకేసింది.

"అక్కా, నేనిక్కడున్నానే!"

"నువ్వెక్కడికీ పోలేవులే, పడుకో. ఇక్కడ కూరలు తరిగే చెక్కని నీళ్లలో నానబెట్టి చంపుతున్నారు. ముందు దీని సంగతి చూడనీ."

ఆ చెక్కను బయటికి తీసి, తుడిచి, కిటికీ పక్కన గోడకి నిలబెట్టి, రెండువైపులా గాలి తగులుతోందని నమ్మకం కుదిరాకే వచ్చి మంచం మీద కూర్చుంది. "చెక్క నీళ్లు తాగితే ఉబ్బుతుందే. ఉబ్బితే పగులుతుంది. పగిలిందంటే ఇక దాని పని అంతే" అని చాలాసేపు బాధపడింది.

"మరి నా కాలో?" అంది పిన్ని.

"కాలుకేం, అతుక్కుంటుంది. డాక్టరున్నాడుగా" అంది పెద్దమ్మ.

నాకు ఉద్యోగం వచ్చి పెద్దమ్మ వాళ్లింట్లో ఉండాల్సి వచ్చినప్పుడు మా అమ్మ చెప్పిన జాగ్రత్త ఒక్కటే. "ఆలస్యంగా వచ్చినా అక్క ఏమీ అనదు. ఆ నీలం గిన్నె జోలికి మాత్రం వెళ్లకు."

నీలం గిన్నె అంటే పోత ఇనుముతో చేసి, పైన నీలం, లోపల తెలుపు ఎనామెల్ పూత పూసిన పెద్ద గిన్నె. ఖాళీగా ఉన్నప్పుడే నిండు బిందెంత బరువుంటుంది. పెళ్లయిన కొత్తలో కొన్నదట. అప్పటినుంచి పెదనాన్న జుట్టు రంగు మారింది గానీ దాని రంగు మారలేదు. పెదనాన్న దాన్ని మహారాణీవారు అంటాడు. "మహారాణీవారి స్నానం అయిందా? అయితే మాకు కాస్త కాఫీ దయచేయిస్తారా?" అని పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడి అడుగుతాడు.

మొదటిరోజే నాకు దాని దెబ్బ తగిలింది. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే, సాయం చేద్దామనే మంచి ఉద్దేశంతో చేతికందిన స్టీలు గరిటె తీసి కలిపాను. పెద్దమ్మ అప్పుడు వెనక వసారాలో బట్టలు ఆరేస్తోంది.

"గరిటె!" అని అక్కణ్ణుంచే అరిచింది.

"ఏ గరిటె పెద్దమ్మా?"

"చెక్క గరిటె! ఆ స్టీలుది దాని మీద గీరుతుంటే నాకిక్కడ వీపు మీద గీరినట్టుందే!"

ఆ సాయంత్రం కూర్చోబెట్టి చట్టమంతా చెప్పింది. మంట సన్నగా పెట్టాలి. ఖాళీ గిన్నెని పొయ్యి మీద వదిలేయకూడదు. వేడి గిన్నె మీద చన్నీళ్లు పోస్తే పూత చిట్లుతుంది, కాబట్టి చల్లారేదాకా ఆగాలి. అడుగంటితే గోరువెచ్చని నీళ్లు, వంటసోడా వేసి ఓపిక పట్టాలి గానీ ఇనుప పీచు పట్టుకుని యుద్ధానికి దిగకూడదు. కడిగాక అంచు తడి లేకుండా తుడవాలి, లేకపోతే అక్కడ తుప్పు పడుతుంది.

పెదనాన్న పేపరు దించాడు. "చూశావా అమ్మాయ్, ఆ గిన్నెని చల్లారనిచ్చినట్టు నన్నూ చల్లారనిస్తే, మా ఇద్దరికీ అసలు గొడవలే ఉండేవి కావు."

"మీకు ఏ పూతా లేదు చిట్లడానికి" అంది పెద్దమ్మ.

ఇక ఆదివారం వచ్చిందంటే చెక్కలకి తలంటే. ఉల్లిపాయల చెక్క వేరు, పళ్ల చెక్క వేరు. రెంటినీ ఉప్పూ నిమ్మచెక్కా పెట్టి రుద్ది, కడిగి, ఆరబెట్టి, తర్వాత మెత్తటి గుడ్డతో నూనె పట్టిస్తుంది. వంటనూనె పనికిరాదు, కొన్నాళ్లకి ముక్కిపోయిన వాసన వస్తుంది. దానికి రంగూ వాసనా లేని నూనె వేరే ఉంది. పెదనాన్న పంచె పైకి లాక్కుని పక్కనే కూర్చునేవాడు.

"ఏమోయ్, అదే చేత్తో నా మోకాళ్లకి కూడా..."

"మీ మోకాళ్ల మీద నేనేమైనా కూరలు తరుగుతున్నానా?"

అలాంటి మనిషి ఆ గిన్నెని ఎవరికైనా అరువిస్తుందా? ఇరుగుపొరుగు వాళ్లు అడగడం ఎప్పుడో మానేశారు. ఎవరింట్లోనైనా పదిమందికి వండాలంటే గిన్నెతోపాటు తనే వెళ్లి, వండి, గిన్నెని ఒళ్లో పెట్టుకుని తిరిగొచ్చేది. ప్రాణమైనా ఇస్తుంది గానీ గిన్నె ఇవ్వదని వీధంతా తెలుసు.

మా పై వాటాలో గడియారాలు బాగుచేసే ఆయన ఉండేవాడు. ఆయన భార్య పోయింది. ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆయన మంచినీళ్లు కూడా ముంచుకుని తాగి ఎరగడు. ఆవిడ పోయాక దుకాణం మూసేశాడు, మెట్లు దిగడం మానేశాడు, టీ, బిస్కెట్లతో కాలం గడుపుతున్నాడు. అందరూ టిఫిన్ డబ్బాలు పంపేవాళ్లు. "ఆకలి లేదమ్మా, ఏమీ అనుకోకండి" అని మూత తీయకుండానే తిప్పి పంపేవాడు. పెద్దమ్మ డబ్బా కూడా అలాగే వచ్చింది. ఒకరోజు కిటికీ దగ్గర ఆయన్ని చూశాను. చొక్కా కొక్కేనికి తగిలించినట్టుగా ఉంది, లోపల మనిషి లేడు. ఈయన కూడా మనకి దక్కడేమోనని నాకు నిజంగా భయమేసింది.

ఆ మర్నాడే పెద్దమ్మ నీలం గిన్నెని తువ్వాలులో చుట్టి నా చేతుల్లో పెట్టింది. "పద, పైకి."

"ఎవరికి?"

"గడియారాలాయనకి."

పెదనాన్న చేతిలోంచి పేపరు జారిపోయింది. "ఏమోయ్, ఒంట్లో బాగానే ఉందా?"

తలుపు తీసిన మనిషితో పెద్దమ్మ ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. "అన్నయ్యగారూ, మా వంటగది గట్టు మరమ్మతు చేయిస్తున్నాం. దీన్ని పెట్టుకోడానికి చోటు లేదు. కొన్నాళ్లు మీ దగ్గర ఉంచండి."

మా గట్టుకి ఏ మరమ్మతూ లేదు. నేను నోరు తెరవబోతే కాలు తొక్కింది.

"దానికేం, ఆ మూల పెట్టండమ్మా" అన్నాడాయన నీరసంగా.

"మూల పెడితే కుదరదండీ. ఇది రోజూ పొయ్యెక్కాలి. లేకపోతే పూత పాడైపోతుంది."

ఆయన గిన్నె వంక కొత్తగా చూశాడు. "గడియారానికి రోజూ కీ ఇచ్చినట్టా?"

"అచ్చంగా అంతే."

"మరి నీళ్లు కాస్తే చాలదా?"

"చాలదు. నూనె తగలాలి, ఉల్లిపాయ తగలాలి."

"నాకు వంట రాదమ్మా."

"మిమ్మల్ని వంట ఎవరు చెయ్యమన్నారు? గిన్నె సంగతి చూడమంటున్నా."

"మరి అందులో ఉడికింది ఏం చెయ్యను?"

"అందులో మాత్రం ఉంచకండి, మరక పడుతుంది. పారేయాలంటే ఇన్ని మెట్లు దిగాలి, మళ్లీ ఎక్కాలి. తినేయడం తేలిక" అని, చేతిసంచిలోంచి కాసిని బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, ఓ తరిగే చెక్క కూడా తీసి గట్టు మీద పెట్టింది. "దీనికీ రోజూ కత్తి తగలాలి."

అప్పటినుంచి రోజూ పెద్దమ్మ తనిఖీ మొదలైంది. మూత తీసి వాసన చూసేది, అడుగు తడిమేది, చెక్క నిలబెట్టాడా పడుకోబెట్టాడా అని చూసేది.

"నిన్న దీనికేం పెట్టారు?"

"బంగాళాదుంపమ్మా."

"మొన్న?"

"బంగాళాదుంపే."

"రోజూ అదే పెడితే గిన్నెకి నోరు చచ్చిపోదూ?"

ఆయన కళ్లజోడు సర్దుకుని సీరియస్‌గా ఆలోచించాడు. "అయితే క్యారెట్ కూడా వెయ్యనా?"

ఇక్కడ కింద మా పరిస్థితి ఘోరం. పెద్దమ్మ పల్చటి అల్యూమినియం గిన్నెలో వండుతోంది, చేయి అలవాటు లేక రోజూ మాడుస్తోంది. "మహారాణీవారు పుట్టింటికి వెళ్లారు, మనకి మాడు మిగిలింది" అని పెదనాన్న కంచంలో నల్లముక్కలు ఏరుకునేవాడు. నాకైతే ఒళ్లు మండింది. కన్నకూతురిలా ఉన్న నేను స్టీలు గరిటె పెడితే ఇల్లెగిరిపోయింది. ఎప్పుడూ పొయ్యి వెలిగించని మనిషికేమో గిన్నెని అప్పగింతలు పెట్టింది!

ఆ ఉక్రోషంతోనే నా సొంతానికో చిన్న గిన్నె కొనుక్కుందామని చౌరస్తాలో పాత్రల షాపుకి వెళ్లాను. పెద్ద తెలిసినదానిలా అడిగాను, "ఇది రోజూ వాడకపోతే పూత పాడవుతుందటగా?"

షాపతను నవ్వాడు. "ఎవరు చెప్పారండీ? పూత లేని ఇనుముకైతే నూనె పట్టిస్తూ ఉండాలి. దీనికేం అక్కర్లేదు. పొడిగా ఉంచితే చాలు, ఏళ్లతరబడి అలమరలో పెట్టి మర్చిపోయినా ఏమీ కాదు."

నేను పరుగున ఇంటికొచ్చాను. "పెద్దమ్మా! నువ్వు చెప్పింది తప్పట! షాపతను..."

పెద్దమ్మ గబగబా వచ్చి తలుపు వేసింది. "నెమ్మదిగా ఏడు. పైకి వినపడుతుంది."

"అంటే నీకు తెలుసా?"

"తెలీకేం? నాకు తెలీకుండా గిన్నె సంగతి ఇంకెవరికి తెలుస్తుంది?" అని గట్టుకి చేరగిలబడింది. "కూర పంపిస్తే తిరిగొచ్చింది కదే. తినండని బతిమాలితే వినే మనిషి కాదు. కానీ జీవితమంతా వస్తువులు బాగుచేసినవాడు. కళ్లముందు వస్తువు పాడైపోతుందంటే ఊరుకోలేడు. ఇంకేం చెయ్యమంటావు?"

నా ఉక్రోషం పోయి పెద్దమ్మ మీద బోలెడంత ప్రేమ పుట్టుకొచ్చింది. "మరి ఆయన కూడా ఆ షాపుకే వెళ్తే?" అన్నాను.

"వెళ్లడానికి ఆయన మెట్లు దిగితే కదా!"

దిగాడు. తర్వాతి ఆదివారం మధ్యాహ్నం మేము కంచాల ముందు కూర్చుంటుంటే, నీలం గిన్నెని తువ్వాలులో పట్టుకుని రొప్పుతూ వచ్చాడు. ముఖం కాస్త కండ పట్టింది. గడ్డం కూడా గీసుకున్నాడు.

"మీది మీకిచ్చేద్దామని వచ్చానమ్మా. నేను కొత్తది కొనుక్కున్నాను, ఆకుపచ్చది."

పెద్దమ్మ ముఖం పాలిపోయింది. "ఎక్కడ కొన్నారు?"

"చౌరస్తాలో షాపులో."

"షాపతను... ఏమైనా చెప్పాడా?"

"చెప్పాడు. వీటిని రోజూ వాడాల్సిన పనే లేదట. ఏళ్లతరబడి అలా పడేసినా ఏమీ కాదట."

పెదనాన్న పేపరు ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పెద్దమ్మ పొడిగానే ఉన్న బల్లని పైటకొంగుతో తుడుస్తూ నిలబడింది.

గడియారాలాయన గిన్నెని బల్ల మీద మెల్లగా, చప్పుడు కాకుండా దించాడు. "వాడి మొహం! అమ్ముకునేవాడికి ఏం తెలుసమ్మా? రోజూ పొయ్యెక్కకపోతే పాడైపోతుంది. నేను చూశానుగా" అన్నాడు.

మూత తీస్తే గిన్నె నిండా కూర పొగలు కక్కుతోంది. బంగాళాదుంప, క్యారెట్, బీన్స్ అన్నీ ఉన్నాయి. ఆయనే చెక్క గరిటెతో అందరికీ వడ్డించాడు. పెదనాన్న మాడు లేని ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

పెద్దమ్మ ఓ ముద్ద తిని, ముక్కు ఎగబీల్చి, అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. "ఉప్పెక్కువైంది అన్నయ్యగారూ."

"రేపు తగ్గిస్తానమ్మా" అని ఆయన తన కంచంలో కూడా వడ్డించుకుని కూర్చున్నాడు.