కుబియాక్ బొటనవేలు

ఆర్విల్ కుబియాక్‌కి ఉన్నది ఒకటే జబ్బు. కొత్తగా గరాండ్ రైఫిలు చేతికొచ్చిన మనిషి కనిపిస్తే సలహా ఇవ్వకుండా ఉండలేడు. మిగతా విషయాల్లో ఆయనంత నోరులేని మనిషి మా స్టర్న్‌బర్గ్‌లో లేడు. సొంత కొడుకు మూడో పెళ్ళి చేసుకుంటానంటే "నీ ఇష్టం" అన్నాడు. ఇంటి పైకప్పు కారితే కింద బకెట్టు పెట్టాడు గాని పైకప్పుని ఒక్క మాట అనలేదు. అలాంటి మనిషి, తాతల కాలం నాటి ఆ సైన్యపు తుపాకి ఎవరి చంకలోనైనా కనబడగానే నూతన దంపతులకి బోధించే పాస్టరైపోతాడు.

వేళాపాళా ఉండదు. ముసలి గ్రోత్ పోయినప్పుడు, శవపేటిక పక్కన ఏడుస్తున్న మేనల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు. ఓదారుస్తున్నాడనుకున్నాం.

"మీ మామయ్య రైఫిలు నీకే వచ్చిందటగా?"

"అవునంకుల్," అన్నాడు మేనల్లుడు ముక్కు తుడుచుకుంటూ.

"కదిలే చోటల్లా గ్రీజు పెట్టు. నూనె పోసి ఊరుకోకు."

"ఇప్పుడా అంకుల్ ఈ మాటలు?"

"ఏడుపు రేపైనా ఏడవొచ్చు. తుప్పు రేపటిదాకా ఆగదు."

పళ్ళ డాక్టరు ఫెన్‌స్కే తన రైఫిలు చెక్కనంతా గరుకు కాగితంతో రుద్ది, వార్నిష్ కొట్టించి, అద్దంలా మెరిపించి మా రైఫిలు క్లబ్బుకి తెచ్చాడు. కుబియాక్ దాన్ని చూసి టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నాడు.

"ఎప్పుడు పోయింది?"

"ఏది పోయింది?"

"ఇది. ఆ చెక్క మీద సైన్యం వాళ్ళ ముద్రలుండేవి, ఎవడో సిపాయి గీసుకున్న గీతలుండేవి. అన్నీ కడిగి పంపించేశావు. నీ దగ్గరికొచ్చిన వాళ్ళ పళ్ళు కూడా ఇలాగే అరగదీస్తావా డాక్టరూ?"

"అవసరమైతే తప్పదు మరి."

"అందుకే నేను పక్కూరు పోయి చూపించుకుంటాను."

మా క్లబ్బులో సగం మంది యుద్ధాన్ని సోఫాలో కూర్చుని గెలిచినవాళ్ళే. రైఫిలు కొన్న వారం రోజుల్లో వాళ్ళ నడక మారుతుంది, నెల తిరిగేసరికి జనరళ్ళ తప్పులు ఎంచడం మొదలుపెడతారు. కుబియాక్ మాత్రం సైన్యంలో చేరిన మాట నిజమే అయినా, ఉన్నన్నాళ్ళూ జర్మనీలో వంటశాలలో బంగాళదుంపల తొక్క తీశాడు. ఆ సంగతి దాచడు. "శత్రువు నా కంట పడలేదు. పడుంటే ఒక గరిటెడు సూప్ పోసేవాణ్ణి" అంటాడు.

ఆయన సలహాలకి ఒక వరస ఉంది, మాకందరికీ కంఠతా వచ్చు. మొదట గ్రీజు. తర్వాత చెక్క జోలికి పోవద్దనడం. తర్వాత తూటాలు. "అంగట్లో బలమెక్కువ అని రాసున్న వేట తూటాలు తేకు. లోపల కడ్డీ వంగిపోతుంది. ఇది ముసలి తుపాకి. ముసలాళ్ళకి పథ్యం ఉంటుంది." ఆ తర్వాత, ఎనిమిదో తూటా పేలగానే, తూటాలని కలిపి పట్టే ఇనప క్లిప్పు ఖాళీగా టింగుమని పైకెగురుతుంది కదా, కొత్తవాళ్ళందరూ దాని గురించి ఒకటే అడుగుతారు.

"ఆ చప్పుడు విని, తూటాలైపోయాయని శత్రువు మీదకొస్తాడంటగా?"

"ఈ ఊళ్ళో నీకు శత్రువెవడయ్యా? మీ బావమరిదేగా? వాడికి చెవుడు."

ఆఖర్న బొటనవేలు. అసలు వేడుక అక్కడే. ఈ తుపాకిలో ఎనిమిది తూటాల క్లిప్పుని పైనుంచి బొటనవేలితో లోపలికి నొక్కాలి. అది కూర్చుందంటే వెనకున్న ఇనప బోల్టు ముందుకి దూసుకొస్తుంది. ఆలోగా వేలు తీయకపోతే వేలుండదు, అంటే ఉంటుంది గాని నల్లగా ఉంటుంది. కుబియాక్ మందు లేని ఉత్తుత్తి తూటాల క్లిప్పు తీసి, అందరినీ దగ్గరికి పిలిచి, చూపించడం మొదలుపెడతాడు.

"అరచేతి అంచుతో బోల్టు పక్కనున్న ఈ పిడిని వెనక్కి ఆపిపెట్టు. వేలితో క్లిప్పు నొక్కు. వేలు పైకి తీసెయ్. అప్పుడు పిడి వదులు. వరస తప్పితే ఏమవుతుందో తెలుసా? ఇదిగో, ఇలా పిడిని ఆపడం మరిచిపోయి..."

టపా!

"ఓరి నాయనోయ్! చచ్చాన్రోయ్!"

ప్రతిసారీ ఇంతే. వేలు నలగకుండా ఎలాగో చూపిస్తూ వేలు నలగ్గొట్టుకోని రోజు లేదు. రైఫిలు బల్ల మీద పెట్టి, వేలు తొడల మధ్య ఇరికించుకుని, ఒంటికాలి మీద మైదానమంతా తిరుగుతాడు. మేం కడుపు పట్టుకుని నవ్వుతాం. ఆ గోరు ఏ రంగులో పుట్టిందో వాళ్ళావిడ బెర్నిస్‌కి కూడా గుర్తులేదు.

బెర్నిస్ క్లబ్బు వంటగది చూస్తుంది. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన పచ్చి బఠాణీల సంచులు రెండు ఎప్పుడూ ఉంచుతుంది. ఒకదాని మీద 'సూప్' అని రాసుంటుంది, రెండోదాని మీద 'వేలు'. కేక వినబడగానే, వేలి మీద మంచుగడ్డలా అదుముకోమని రెండోది కిటికీలోంచి విసిరేస్తుంది. బయటికి కూడా రాదు.

"ఏమయ్యా, నీకు చేతకాని పని జనానికెందుకు నేర్పడం?" అని కిటికీలోంచే అరుస్తుంది.

"నేర్పితేనేగా నాకూ వస్తుంది!" అని ఈయన బఠాణీలు అదుముకుంటూ అరుస్తాడు.

ఆ వేడుక చూడనివాడు క్లబ్బు మొత్తంలో ఒక్కడే, ట్రాక్టర్లు అమ్మే టాడ్ రైంకే. వాడు తలనుంచి కాళ్ళదాకా, వేటగాళ్ళు పొదల్లో కనబడకుండా వేసుకునే ఆకుల రంగు బట్టలు వేసుకుంటాడు. తెల్ల గోడ ముందు నిలబడ్డా తాను కనబడట్లేదనే నమ్మకం. రైఫిలు కొన్న రోజున కుబియాక్ "గ్రీజు..." అనగానే చెయ్యెత్తి ఆపేశాడు. "ఫోన్లో అన్నీ చూసేశా అంకుల్. మీరు వంటవాళ్ళు, నేను మీకు ఉల్లిపాయలు తరగడం చెప్తున్నానా?"

కుబియాక్ నవ్వాడు గాని, ఆయన ముఖంలో అంత దిగులు, కొడుకు మూడో పెళ్ళప్పుడు కూడా మేం చూడలేదు.

మా క్లబ్బులో ఒక ఆచారముంది. సభ్యుడెవరైనా పోతే, ఆ ఏడాది ఆకులు రాలే కాలంలో జరిగే పోటీలో ఆయన చోట ఇంటివాళ్ళెవరో నిలబడి, ఆయన రైఫిల్లో ఆయన చేసినట్టే క్లిప్పు వేసి కాల్చాలి. గురి తగలకపోయినా ఫరవాలేదు. కాల్చకపోతే ఏ చట్టమూ పట్టుకోదు గాని, ఊరు చిన్నది. నిరుడు లెరాయ్ జ్వికీ పోయాడు. ఆ ఏటి పోటీకి ఆయన కూతురు మార్లా, తండ్రి రైఫిల్ని బల్ల మీద పరిచే గళ్ళ గుడ్డలో చుట్టి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద ఎత్తుకొచ్చింది.

మార్లా, మెడకి తగిలించుకునే హార్మోనియం లాంటి అకార్డియన్ వాయిస్తుంది. జనం గెంతుతూ ఆడే పోల్కా డాన్సుల బ్యాండు ఆమె తండ్రిదే, ఇప్పుడు ఆమెది. ఆ సాయంత్రమే డాన్సు హాల్లో వాళ్ళ వాయిద్యం. హాలు కొత్త యజమానికి పోల్కా అంటే పెద్ద మోజు లేదు. ఆ సాయంత్రం విని నచ్చితేనే చలికాలం శనివారాలు వాళ్ళకిస్తాడు, లేకపోతే బటన్లు నొక్కి పాటలు వేసే కుర్రాడెవడో ఉన్నాడట. అందుకని ఆమె పొద్దున్నే వచ్చి, రైఫిల్ని బల్ల మీద పెట్టి, దానికి కాస్త ఎడంగా నిలబడింది.

"దీంతో బొటనవేళ్ళు పోతాయంటగా ఆర్విల్ అంకుల్?"

"ఎవరు చెప్పారు?"

"మీ బొటనవేలే చెప్తోంది."

కుబియాక్ వేలు చూసుకున్నాడు. టాడ్ మధ్యలో దూరాడు. "మార్లా, నీకెందుకివన్నీ? ఆ తూటాల మ్యాగజైన్ నేను వేసిస్తా, నువ్వు మీట లాగు చాలు."

"అది మ్యాగజైన్ కాదురా, క్లిప్పు," అన్నాడు కుబియాక్.

"ఏదైతేనేం అంకుల్, ఆడవాళ్ళ వేళ్ళు సున్నితం."

"నా వేళ్ళు సున్నితం కాదు టాడ్," అంది మార్లా. "సాయంత్రానికి కావాలి, అంతే. ఈ బొటనవేలు ఇప్పుడు నలిగితే బ్యాండులో నలుగురి చలికాలం నలుగుతుంది. అంకుల్, కాల్చకుండా వెళ్ళిపోతే నాన్న ఏమనుకుంటాడంటారు?"

"ఏమీ అనుకోడు. వాడి మొదటి రోజున వాడూ వెళ్ళిపోతానన్నాడు," అన్నాడు కుబియాక్. "ముందు గ్రీజు సంగతి విను."

గ్రీజు చెప్పాడు. చెక్క చెప్పాడు. పథ్యం చెప్పాడు. టాడ్ ఆవలించి అవతలికి పోయాడు. చివరికి బొటనవేలు దగ్గరికొచ్చాడు. మార్లా ముఖం ఆయన చేతి మీదే ఉంది. పెదాల్లోనే ఏదో లెక్కపెడుతోంది, బ్యాండులో తన వంతు కోసం ఆగినట్టు.

టపా!

"ఓరి నాయనోయ్!"

కిటికీలోంచి బఠాణీల సంచి ఎగిరొచ్చింది. అందరూ నవ్వారు, మార్లా తప్ప. ఆమె నేరుగా బల్ల దగ్గరికెళ్ళి, అరచేతి అంచుతో పిడి ఆపి, క్లిప్పు నొక్కి, వేలు తీసి, పిడి వదిలింది. మళ్ళీ చేసింది. మూడోసారి చూడకుండానే చేసింది.

పోటీలో లెరాయ్ చోట నిలబడి ఎనిమిదీ కాల్చింది. టింగుమని క్లిప్పు ఎగరగానే దాన్ని ఏరి జేబులో వేసుకుంది. గురి తగిలింది తక్కువే. ఒకటైతే పక్కవాడి గురి కాగితానికి తగిలింది. వాడు అభ్యంతరం చెప్పలేదు, వాడికది ఆ రోజు తగిలిన మంచి తూటా.

తర్వాత కుబియాక్ వంతు. ఊరి పత్రికకి పోటీ వార్త రాసుకుంటున్న నా పక్కన మార్లా నిలబడి చూస్తోంది. ఆయన ఒక క్లిప్పు అవగానే ఇంకోటి, చూపు గురి మీదనుంచి తిప్పకుండా, చప్పరించే మాత్ర నోట్లో వేసుకున్నంత తేలిగ్గా వేశాడు. ఆ నల్ల వేలితోనే.

"చూశారా?" అంది మార్లా.

"ఏం చూడాలి?"

"మీ పత్రికలో ఇన్నేళ్ళు రాశారు, ఇన్నేళ్ళు ఇది చూశారు, పోటీలో ఆయన వేలు ఒక్కసారైనా నలిగిందా?"

నేను ఆలోచించాను. నలగలేదు.

"పొద్దున ఆయన ఆలస్యంగా తీశాడు వేలు. పొరపాటున కాదు. చిన్నప్పటినుంచీ డ్రమ్ములు వాయించేవాళ్ళ పక్కన కూర్చున్నదాన్ని. తాళం తప్పేవాడు ఎవడో, కావాలని తప్పించేవాడు ఎవడో నాకు తెలుస్తుంది."

సరిగ్గా అప్పుడే మైదానం అవతలి కొసనుంచి ఒక టపా, ఒక కేక వినిపించాయి. ఈసారి కేక కుబియాక్‌ది కాదు. ఆకుల రంగు బట్టలు ఒంటికాలి మీద గెంతుతున్నాయి. ఆ రోజే మొదటిసారి టాడ్ రైంకే అందరికీ స్పష్టంగా కనబడ్డాడు.

కిటికీ తెరుచుకుంది. "మళ్ళీనా?" అంది బెర్నిస్.

"నేను కాదే, టాడ్!"

"ఆ సంచి నీ దగ్గరే ఉందిగా, వాడికివ్వు! సూప్ బఠాణీలు పొయ్యి మీదున్నాయి!"

కుబియాక్ వెళ్ళి, కాల్చడం అవగానే మళ్ళీ తన వేలి మీద పెట్టుకున్న సంచి తీసి వాడి వేలికి చుట్టాడు. అందరికీ వినబడేలా, "ఈ కొత్త తూటాల క్లిప్పులు మరీ బిగుతు, ఎవడికైనా నలుగుతుంది" అన్నాడు. క్లిప్పులు పాతవేనని అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు.

మధ్యాహ్నం మార్లా ఆయన్ని వంటగదిలో పట్టుకుంది. నేను సూప్ గిన్నెతో అక్కడే ఉన్నాను.

"అంకుల్, అదంతా నాటకమేగా?"

"ఏది?"

"వేలు."

కుబియాక్ బెర్నిస్ వైపు చూశాడు. ఆమె గరిటె తిప్పుతూ, "చెప్పెయ్యి, నాకెప్పటినుంచో తెలుసు," అంది.

"సలహా ఎవడు వింటాడమ్మా?" అన్నాడాయన. "గ్రీజు పెట్టమంటే నూనె పోస్తారు. రుద్దొద్దంటే రుద్దుతారు. కానీ ముసలాడు ఒంటికాలి మీద గెంతుతుంటే చూసినవాడు, క్లిప్పు పట్టుకున్నప్పుడల్లా వాడికదే గుర్తొస్తుంది. మీ నాన్న కూడా అలాగే నేర్చుకున్నాడు."

"అయితే నొప్పి కూడా నాటకమేనా?"

"అది మాత్రం నాటకం కాదు," అన్నాడు నిష్ఠూరంగా. "మెల్లగా నలగ్గొట్టుకునే విద్య ఇంకా రాలేదు."

సాయంత్రం హాలు నిండిపోయింది. కొత్త యజమాని చేతులు కట్టుకుని గోడకి ఆనుకుని మొదలుపెట్టినవాడు, మూడో పాటకి కాలు ఆడించాడు, నాలుగో పాటకి బెర్నిస్ లాగితే డాన్సులోకొచ్చాడు. శనివారాలు ఖాయమయ్యాయి. కుబియాక్ ఒంటరిగా చుట్లు తిరుగుతూ, నల్ల వేలు ఎవరికీ తగలకుండా దీపంలా పైకెత్తి పట్టుకున్నాడు.

ఆయన వేదిక ముందుకి వచ్చేసరికి మార్లా ఆయన్నే చూస్తూ, పాట మలుపులో ఒక్క తాళం దెబ్బ కావాలని ఆపింది. హాలంతా ఒక కాలు గాల్లో ఉండిపోయింది. తర్వాత బొటనవేలు మీట మీద పడింది, అందరి కాళ్ళూ ఒక్కసారే నేల మీద పడ్డాయి. కుబియాక్ నల్ల వేలు ఇంకాస్త పైకెత్తాడు.

నా పక్కన టాడ్ కట్టు కట్టిన వేలితో బీరు గ్లాసు పట్టుకోవడానికి తంటాలు పడుతున్నాడు. నా వైపు వంగి, తెలిసినవాడిలా చెప్పాడు:

"విన్నారా? తాళం తప్పింది. ఆడపిల్లకి ఎవరైనా నేర్పాలి."