అమీర్‌పేట కడుపులోకి బల్కంపేట బాక్టీరియా

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఒక ఆషాఢమాసంలో, పంజగుట్టలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మైక్రోబయాలజీ విభాగాధిపతిగా ఉన్న నాకు అదనపు బాధ్యత ఒకటి అప్పగించారు. హోదా పేరు గంభీరంగానే ఉంది: మలమార్పిడి దాతల పరీక్షాధికారి. అంటే ఎవరి మలం పనికొస్తుందో, ఎవరిది పనికిరాదో తేల్చి సంతకం పెట్టాలి. ముప్ఫై ఏళ్ల సర్వీసు చేసి ఇంత ఎత్తుకు ఎదిగానా అని నాలో నేనే నవ్వుకున్నాను.

రోగి సుబ్బారావు గారు. అరవై ఎనిమిదేళ్లు. భీమవరం వైపు నుంచి వచ్చి అమీర్‌పేటలో స్థిరపడ్డ రిటైర్డ్ బ్యాంకు మేనేజరు. పంటి నొప్పికి నెల రోజులు రకరకాల యాంటీబయాటిక్స్ మింగారు. మన పేగుల్లో వందల రకాల బాక్టీరియా ఉంటుంది. రోగనిరోధక కణాల్లో ఎక్కువ భాగం ఆ పేగుల గోడ వెంటే ఉంటాయి. ఎవరు మనవాళ్లో, ఎవరు పరాయివాళ్లో వాటికి నేర్పేది కూడా చాలావరకు ఈ బాక్టీరియానే. సుబ్బారావు గారు మింగిన మందులు వాటిని ఊడ్చిపెట్టేశాయి. ఖాళీ అయిన చోట క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే చెడ్డ బాక్టీరియా తిష్ఠ వేసింది. రోజుకు పదిహేను విరేచనాలు. మందు ఇస్తే తగ్గేది, ఆపితే వారంలో తిరగబెట్టేది. మూడోసారికి మనిషి పదకొండు కిలోలు తగ్గారు, కిడ్నీలు మొరాయించడం మొదలుపెట్టాయి. ఇంకోసారి తిరగబెడితే బతకడం కష్టమని గ్యాస్ట్రో డాక్టరు నాతో స్పష్టంగా చెప్పారు. ఆరోగ్యవంతుల మలాన్ని సెలైన్‌లో కలిపి, వడగట్టి, కొలనోస్కోపు గొట్టం ద్వారా పెద్దపేగులోకి పంపడం ఒక్కటే మిగిలిన దారి.

దాతకు మొదటి నిబంధన, గత మూడు నెలల్లో యాంటీబయాటిక్ వాడి ఉండకూడదు. మన బండారమంతా ఇక్కడే బయటపడింది. తుమ్మితే చాలు, మెడికల్ షాపు కౌంటరు దగ్గర నిలబడి, చీటీ లేకుండానే అర స్ట్రిప్పు కొనుక్కునే అలవాటు మనది. సుబ్బారావు గారి కొడుకు జలుబుకు వాడాడు. కోడలు గొంతునొప్పికి వాడింది. ఇంతోటి దానికి వెతకడం ఎందుకు, నేనే ఇస్తానని ముందుకొచ్చిన గ్యాస్ట్రో డాక్టరు, గోవా విహారం నుంచి తెచ్చుకున్న విరేచనాలకు వాడారు. ఇక యాంటీబయాటిక్స్ దుర్వినియోగం మీద ఇరవై ఏళ్లుగా ఉపన్యాసాలు దంచుతున్న నేను, నెల కిందట దగ్గుకు మూడు రోజులు మింగాను. సిగ్గేసింది. ఫారం మీద నా పేరు నేనే కొట్టేసుకున్నాను.

చివరికి దొరికినవాడు మల్లేశం. కోడలి తండ్రి, అంటే సుబ్బారావు గారికి వియ్యంకుడు. బల్కంపేటలో ఇనుప గేట్ల వెల్డింగు షాపు ఉంది. "గోలీలు నాకు పడయి డాక్టరమ్మా. జరమొస్తే పండుకుంట, తగ్గినంక లేస్త," అన్నాడు. రక్తంలో కామెర్ల వైరస్‌లు లేవు, మలంలో మందులకు లొంగని మొండి బాక్టీరియా లేదు. అంత మంచి రిపోర్టు నా సర్వీసులో అరుదు.

చిక్కల్లా వియ్యంకుల మధ్య ఉంది. ఆరేళ్ల కిందట పిల్లల పెళ్లి విందులో కూరకు కారం ఎక్కువైందని, ఇది మనుషులు తినే తిండేనా అని సుబ్బారావు గారు పదిమందిలో అన్నారట. అప్పటినుంచి ఆయన ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టలేదు. దాత ఎవరో చెప్పొద్దని కొడుకు నన్ను బతిమాలాడు. కానీ దాత తెలిసినవాడైతే మా సమ్మతిపత్రంలో పేరు రాసి తీరాలి, కాబట్టి చెప్పాను. చెప్పడంలో నాకు కాస్త సరదా కూడా ఉందని ఒప్పుకుంటాను. ఆయన సమ్మతిపత్రం దగ్గరికి లాక్కున్నారు. "ఆ ఇంటి మెతుకు ముట్టనన్నానండీ. చివరికి ఇలాగా?" అని సంతకం పెట్టారు.

అనుకున్న రోజు ఉదయం ఏడున్నరకు మల్లేశం మేమిచ్చిన డబ్బాతో వచ్చాడు. పద్ధతి ప్రకారం చివరి ప్రశ్న అడిగాను: పరీక్షల తర్వాత మందులేమైనా వేసుకున్నారా?

"ఏసుకున్న," అన్నాడు గర్వంగా. "అసలే బావగారికి మా తిండంటే చిన్నచూపు. లోపల పురుగు గిరుగు కనబడితే మా ఇజ్జత్ పోతది గదా. మెడికల్ షాపుల అడిగి, మంచి గోలీలు రెండ్రోజులు ఏసుకున్న. ఇప్పుడు మస్తు సాఫ్ ఉంటది."

ఏనాడూ గోలీ ముట్టని మనిషి సరిగ్గా ఆ రెండు రోజులే మింగాడు. నాకు ముందు నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. ఈ ప్రక్రియ కోసం సుబ్బారావు గారికి మందు ఆపేసి రెండు రోజులైంది. లోపల ఎండోస్కోపీ గదిలో ఆయన్ని పడుకోబెట్టి ఉంచారు. డబ్బా వాడడానికి వీల్లేదని రాశాను. ఎందుకో చెబితే మల్లేశం మొహం పాలిపోయింది. "నా తోటి ఆయన పానం మీదికొచ్చిందా?" అని బెంచీ మీద కూలబడ్డాడు. తప్పు నాదని చెప్పాను, అది నిజం కూడా. ఇంతకుముందు ఏం వాడారని అడిగానే గాని, ఇక మీదట వాడొద్దనీ, ఆ కనబడని పురుగులే మాకు కావలసిన మందనీ అతనికి ఒక్క ముక్క చెప్పలేదు.

రోగికి పాత మందు మళ్లీ మొదలుపెట్టాం. మల్లేశం భార్య లక్ష్మమ్మ ఆ మధ్యాహ్నమే వచ్చి, రక్తం తీసుకోండని చెయ్యి చాపింది. పెళ్లిలో ఆ కూర దగ్గరుండి వండించింది ఆవిడే. పరీక్షలకు ఎనిమిది రోజులు పట్టింది. నాలుగో రోజు సుబ్బారావు గారికి బీపీ పడిపోయి ఐసీయూకు మార్చారు. ఆ వారం నాకు అన్నం సహించలేదు. తొమ్మిదో రోజు ఉదయం లక్ష్మమ్మ డబ్బా తెచ్చింది. ఈసారి మందుల సంగతి మూడుసార్లు అడిగాను. "చాయ్ సుత తాగలే అమ్మా," అంది విసుగ్గా. సంతకం పెట్టాను.

అది సుబ్బారావు గారి పేగులోకి ఎక్కించిన ఐదు రోజులకు విరేచనాలు ఆగాయి. గట్టిగా వచ్చిందని నర్సు ఫోను చేస్తే మేం ల్యాబులో స్వీట్లు పంచుకున్నాం. వేరే ఏ వృత్తిలోనూ ఇలాంటి శుభవార్త ఉండదు.

డిశ్చార్జి నాడు ఆహారం గురించి చెప్పాను. కొత్త బాక్టీరియా నిలదొక్కుకోవాలంటే వాటికి అలవాటైన పీచు అందాలి: జొన్నరొట్టె, పప్పులు, ఆకుకూరలు. ఇవన్నీ మా ఇంట్లో ఎవరు చేస్తారండీ అని సుబ్బారావు గారు గొణిగారు. లక్ష్మమ్మ అక్కడే ఉంది. "మీరు మా ఇంటికి రాకున్నా ఏం ఫికర్ లేదన్నా. మా ఇల్లే మీ కడుపులకు వచ్చి కూసుంది," అంది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు, ఆ వెంటనే కళ్లు తుడుచుకున్నారు. "రేపు పంపండి చెల్లెమ్మా. కారం మాత్రం జర తగ్గించండి," అన్నారు.

ఈ ఉదంతంలో నేను నేర్చుకున్నది చిన్న సంగతే. రోగికి గంటసేపు వివరిస్తాం, దాత చేతిలో మాత్రం ఫారం పెడతాం. శుభ్రమంటే క్రిములు లేకపోవడమేనని జీవితమంతా విన్న మనిషికి ఫారం ఏమీ చెప్పదు. దాతల కోసం తెలుగులో ఒక వాక్యం అచ్చు వేయించి, గదిలో గోడకు అంటించి, ఆ తర్వాతే రిటైరయ్యాను: "దయచేసి శుభ్రం చేసుకుని రావద్దు. ఉన్నది ఉన్నట్టే తీసుకురండి."