నలభై దాటని పెండ్లి కారు

నాకు గర్వం లేదు. కారు గురించి నాకు తెల్సిన దాంట్ల సగమే నలుగురికి చెప్త. మొత్తం చెప్తే పాపం చిన్నబోతరని. చప్పుడు విని రోగం చెప్పేటోన్ని నేను. గింత విద్య ఉన్నోడు సొంత మేనల్లున్ని పెండ్లి నాడు ట్రాక్టర్ ఎనక పడేసిండంటే నమ్ముతరా? నమ్మాలె. ఆ డ్రైవర్ని నేనే.

మా అక్క కొడుకు మహేశ్ లగ్గం. మల్దకల్ ఎంకన్న గుడిల, పొద్దుగాల ముహూర్తం. చుట్టాలంత వనపర్తి నుంచి బస్సుల ముందే పోయిన్రు. పిల్లగాన్ని మాత్రం నా కార్ల తెస్తనని నేనే మొండికేసిన. సెకండ్ హ్యాండే గానీ డీజిల్ కారు, కడిగితే కొత్తదే. పెండ్లికొడుకు బస్సుల దిగితే మేనమామ ఇజ్జతేం గావాలె?

పెబ్బేరు దాటంగనే డాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మ లైటు పసుపుపచ్చగ వెలిగింది. ఆ ఎంటనే కారుకు నీరసం వచ్చింది. యాక్సిలేటర్ ఎంత తొక్కినా ముల్లు నలభై దాటదు. "నాకేదో తేడా కొడుతుంది, బలం తగ్గించుకున్న, మెల్లగ తీస్కపోయి తెల్సినోళ్లకు చూపియ్యి" అని కారు మొత్తుకునుడట అది. ఈ ముక్క నాకు తర్వాత తెల్సింది. అప్పుడు మాత్రం సెన్సార్ పాడైందన్న. సెన్సార్ అంటే ఎవ్వరు మళ్ల అడగరు.

డీజిల్ల కచరా ఉందని తేల్చిన. పట్టుపంచె ఎగగట్టి మహేశ్ ఒక దిక్కు, నేనొక దిక్కు కారును ఊపినం. కచరా కదిలిందో లేదో, నా నడుము కదిలింది. తర్వాత ఏసీ మీద అనుమానపడి బంద్ చేసిన. చెమట పెరిగింది, నలభై పెరగలే. ఇగ మిగిలింది బరువు. ఎనక సీట్ల కూసున్న మా ఆమె పద్మ దిక్కు అద్దంలకెల్లి చూసిన. ఆమె గూడ చూసింది. ఆ అనుమానాన్ని అక్కడ్నే ఇడిసిపెట్టిన.

ఆఖరికి బానెట్ ఎత్తి బ్యాటరీ వైరు పీకి మళ్ల పెట్టిన. లైటు మాయం. చూసినవా అల్లుడా, కంప్యూటర్లు గింప్యూటర్లు అక్కెర్లేదన్న. అప్పట్ల కారుకు కంప్యూటర్ తగిలించి చూసేటోడు మా దిక్కు దొరకనే దొరకడు, కాబట్టి అక్కెర్లేదనుడు సులువుగ ఉండె. కృష్ణ బ్రిడ్జి దాటి జర ఎత్తు రాంగనే లైటు మళ్ల వచ్చి కూసుంది, ముల్లు ముప్పైకి దిగింది.

ఎనక నుంచి ట్రాక్టర్ హారన్. ట్రాలీ నిండ మా పెండ్లికే పోతున్న బ్యాండోళ్లు. మర్యాద తెల్సినోళ్లు, పెండ్లికొడుకు కండ్లబడంగనే సన్నాయి ఎత్తి, డోలు కొట్టుకుంట మమ్మల్ని దాటిపోయిన్రు. ఊరేగింపుల బ్యాండే ముందుండాలె గద. పద్ధతి తప్పలే.

గప్పుడే మహేశ్ సెల్లు మోగింది. పిల్ల నాయన. పెండ్లి చేసే అయ్యగారు తొందరపెడుతుండట, యాడిదాక వచ్చిన్రని అడిగిండు. ఎర్రవల్లి దాటినమన్నడు మహేశ్. మా ముందట ఇంకా బీచుపల్లి అంజన్న గుడే కనబడుతుంది. తాళి కట్టకముందే పిల్లనిచ్చే మామకు అబద్ధం చెప్పుడు వానికి నేర్పిన పుణ్యం నాది. ఫోను జేబుల పెట్టి మెల్లగ అన్నడు:

"మామా, బాధపడకు. నేను బస్సెక్కుత."

"పెండ్లికొడుకు బస్సెక్కుడేందిరా?"

"లగ్గం తప్పినంక పెండ్లికొడుకునెట్లయిత మామా?"

కారు పక్కకు ఆపిన. పద్మ దిగి ముందట నిలబడి బంపర్ కిందికి తొంగి చూసింది.

"ఇది దిష్టే. అమావాస్యకు నిమ్మకాయ కట్టుమని ఇస్తి గద. యాడ కట్టినవయ్య?"

లోపల కట్టినన్న. నిమ్మకాయ, మిరపకాయలు, జీడిగింజ బయట వేలాడితే కారు అందం పోతదని, దారాన్ని బానెట్ లోపల, ఇంజన్ ఎనక మూలకు బిగించిన. బ్యాటరీ పీకినప్పుడు ఆ దిక్కు చూడనే లేదు. నేను కట్టిందాన్ని నేనెందుకు అనుమానిస్త?

ఎండిన కాయ ఉంటే దిష్టి పోదు, తీసి పారెయ్యిమంది పద్మ. బానెట్ ఎత్తిన. నేను దారం కట్టింది ఒక సన్న రబ్బరు పైపుకు, ఇంజన్ బలం దాని మీదనే ఉంటదట. గతుకులకు నిమ్మకాయ ఊగి ఊగి, పైపును గుంజి గుంజి, మూతి నుంచి ఊడగొట్టింది. ఏమెరగనట్టు పైపుతో పాటు తాను గూడ ఊగుతుంది. పద్మ కండ్లబడకముందే దారం తెంపి, పైపును దాని మూతికి ఎక్కించి, బ్యాటరీ వైరు మళ్లొకసారి పీకి పెట్టిన. కారు ఉరికింది. ఎర్రవల్లి కాడ ట్రాక్టర్‌ను దాటితే బ్యాండోళ్లు మళ్ల వాయించిన్రు.

మల్దకల్‌ల కారు ఆగకముందే మహేశ్ దుంకి ఉరికిండు. వాడు పీట మీద కూసునుడు, అయ్యగారు జీలకర్రబెల్లం చేతిల పెట్టుడు ఒక్కసారే అయినయ్.

బువ్వల కాడ పద్మ అందరికీ చెప్పింది, ఎండిన నిమ్మకాయ తీయంగనే బండికి పట్టిన దిష్టి వదిలిందని. అండ్ల ఒక్క మాట అబద్ధం కాదు. కాదనాలంటే ఆ నిమ్మకాయను పైపుకు కట్టినోడెవడో చెప్పాలె. నేను పప్పు వడ్డించుమన్న.

మళ్ల అమావాస్య వచ్చింది. పద్మ కొత్త నిమ్మకాయ, మిరపకాయలు, జీడిగింజ దారానికి గుచ్చి చేతికిచ్చింది. మొన్న దిష్టినంత గుంజుకొని పెండ్లి నిలబెట్టింది, ఈసారి గూడ లోపలనే కట్టుమంది. బానెట్ ఎత్తి నిలబడ్డ. లోపల అన్నీ పైపులే, అన్నీ వైర్లే. దేనికి కడితే ఏది ఊడుతదో నాకు ఇప్పటికీ తెల్వదు.